మసాలా దినుసులు టోకున కొనేవారు ముందు చూడవలసింది పంట నెల

ఇంట్లో ఆరుగురి వంటకు, దానితోపాటు ఇంటి నుంచే చేసి అమ్ముతున్న సాంబారు పొడి, కందిపొడి ఆర్డర్లకు కలిపి ఏడాదికి సరిపడా దినుసులన్నీ ఒకేసారి టోకున కొనాలనుకుంటున్నానని, తిరుపతిలోనే కొనడం మంచిదా, గుంటూరో చెన్నయ్యో వెళ్లి తెచ్చుకోవడం మంచిదా, ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే నాణ్యత ఉంటుందా అని మీరు అడిగారు. పెళ్లి వంటలకు సరుకు కొనే పని ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా చేస్తున్నాను కాబట్టి, నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను. ఎక్కడ కొనాలన్నది రెండో ప్రశ్న. ఏ దినుసు ఏ నెలలో కొనాలన్నది ముందు తేల్చుకుంటే సగం పని అయిపోయినట్లే. అన్నీ ఒకే రోజు కొనాలన్న ఆలోచనను మాత్రం మానుకోమని కోరుతున్నాను, ఎందుకంటే ప్రతి దినుసుకూ దాని కోత కాలం ఒకటి, నిలవ ఉండే కాలం మరొకటి ఉంటాయి.

మన అదృష్టం కొద్దీ, రోజువారీ వంటకు కావలసిన దినుసుల్లో ఎక్కువ భాగం చలికాలం చివరి నుంచి వేసవి మొదటి దాకానే మార్కెట్‌కు వస్తాయి. వట్టి మిరపకాయలు, పసుపు, ధనియాలు, జీలకర్ర, మెంతులు, ఆవాలు, చింతపండు, వీటన్నిటికీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు అసలైన సీజను. కొత్త పంట బస్తాకెక్కి, రెండు మూడు చేతులు మారి మన అంగళ్లకు చేరడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక, మార్చి నడిమి నుంచి మే మొదటి వారం లోపల కొనుగోళ్లు ముగించుకోవడం మంచిది. తెచ్చిన సరుకును ఆరబెట్టుకోవడానికి కావలసిన గట్టి ఎండ కూడా మన జిల్లాల్లో అప్పుడే ఉంటుంది. మిరియాల కోత డిసెంబరు నుంచి మార్చి దాకా సాగుతుంది కాబట్టి అవి కూడా అదే సమయానికి కొత్తవి దొరుకుతాయి. ఏలకుల లెక్క మాత్రం వేరు: ఇడుక్కి కొండల్లో కోతలు ఆగస్టు ప్రాంతంలో మొదలై విడతలు విడతలుగా నడుస్తాయి, అందువల్ల దీపావళి దాటాక కొనుక్కోవడం మేలు.

ఇక్కడే ఆన్‌లైన్ కొనుగోళ్ల సంగతి కూడా చెప్పాలి. ప్యాకెట్ మీద ఉండేది ప్యాక్ చేసిన తేదీయే గాని పంట తేదీ కాదు. కిందటేడు మార్చిలో కోసిన ధనియాలను ఈ ఏడు జనవరిలో సంచిలో పోసి సీలు వేసినా, చట్టప్రకారం దాని మీద జనవరి తేదీయే ఉంటుంది. అమ్మేవారు పంట ఏ సంవత్సరానిదో, ఏ ప్రాంతానిదో స్పష్టంగా రాసి ఉంటే, ముందు పావు కిలో తెప్పించుకొని చూసి, నచ్చితే అదే లాటు నుంచి మిగతాది తెప్పించుకోవచ్చు. ఆ రెండు వివరాలూ ఇవ్వని చోట పెద్ద మొత్తంలో కొనడం నాకు ఇష్టం లేదు.

మిరపకాయల గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీ ఖర్చులో పెద్ద వాటా వాటిదే, మోసపోవడానికి వీలున్నదీ వాటి దగ్గరే. అంగట్లో "గుంటూరు మిరపకాయలు" అని ఒకే పేరుతో అమ్మినా అందులో రకాలు వేరు. తేజ సన్నగా, పొట్టిగా ఉండి మంట మిక్కిలి ఎక్కువగా ఉంటుంది. సన్నం, 334 అని పిలిచే రకాలు మంటలోనూ రంగులోనూ మధ్యరకంగా ఉండి రోజువారీ కారానికి బాగా సరిపోతాయి. ముడతలు పడి ముదురెరుపుగా ఉండే బ్యాడిగి కాయకు మంట తక్కువ, రంగు ఎక్కువ. కర్ణాటకలోని హావేరి జిల్లాలో ఉన్న బ్యాడగి మార్కెట్‌కు మన కర్నూలు వైపు రైతులు కూడా పంటను తీసుకుపోతారు. తమిళనాడు రామనాథపురం వైపు నుంచి వచ్చే గుండు మిరపకాయలు తిరువాతకు ఎంతో బాగుంటాయి గాని పొడికి అవసరం లేదు. సాంబారు పొడికి నేను రెండు పాళ్లు 334, ఒక పాలు బ్యాడిగి కలిపి ఆడిస్తాను. తేజ ఒక్కటే వేసి ఆడిస్తే మంట ముందుకు వచ్చి ధనియాల వాసన, మెంతుల వాసన వెనకబడిపోతాయి.

టోకు అంగట్లో మొదట అడగవలసిన మాట, "అన్నా, ఇది ఏసీ సరుకా, కొత్త పంటా?" అని. గుంటూరు చుట్టుపక్కల శీతల గిడ్డంగుల్లో దాచిన కాయలను వ్యాపారంలో ఏసీ సరుకు అంటారు. అది చెడ్డదేమీ కాదు, చల్లదనంలో రంగు బాగానే నిలుస్తుంది. అయితే గిడ్డంగి నుంచి బయటికి తీసిన కాయ గాలిలోని తేమను పీల్చుకొని త్వరగా నల్లబడుతుంది కాబట్టి, రెండు మూడు నెలల్లో వాడేసే పని ఉంటేనే దాన్ని కొనాలి. ఏడాది నిలవకు కొత్త పంటే కావాలి. కొత్త కాయ తొడిమ లేత పసుపు పచ్చగా ఉంటుంది, పైన మెరుపు ఉంటుంది, గింజ లేత బంగారు రంగులో ఉంటుంది. పాతబడిన కొద్దీ తొడిమ గోధుమరంగుకు, గింజ మట్టిరంగుకు తిరుగుతాయి.

బస్తా మూతి దగ్గర ఉన్న కాయలను చూసి ధర మాట్లాడకండి. మూతి విప్పించి, మోచేయి మునిగేదాకా చెయ్యి లోపలికి పెట్టి, నడుమ నుంచి ఒక గుప్పెడు, వీలైనంత అడుగు నుంచి మరో గుప్పెడు తీసి కాగితం మీద పోయండి. చెయ్యి లోపల ఉన్నప్పుడే వేళ్లకు చల్లగా, చెమ్మగా తగిలితే ఆ బస్తాను వదిలేయండి. రవాణాలో కాయ విరగకుండా ఉండడానికి, తూకం పెరగడానికి నీళ్లు చల్లే అలవాటు కొందరికి ఉంది. తీసిన కాయను చెవి దగ్గర ఆడిస్తే గింజలు గలగలమనాలి. గోటితో నిలువునా చీల్చి లోపల చూడండి. బయటికి ఎర్రగా నిగనిగలాడుతున్న కాయలో కూడా గింజల మధ్య బూడిదరంగు బూజు ఉండవచ్చు. ఆ బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కడిగినా, వేయించినా పూర్తిగా పోదు. అందుకే మన ఆహార భద్రత ప్రమాణాలు మసాలా దినుసుల్లో అది కిలోకు 30 మైక్రోగ్రాములకు మించకూడదని హద్దు పెట్టాయి. పది కాయలు చీల్చి ఒక్కదానిలో బూజు కనిపించినా నేను ఆ లాటు తీసుకోను. తెల్లమచ్చలు పడిన తాలు కాయలు నాలుగైదు కనిపించడం సహజమే, గుప్పెడులో మూడోవంతు అవే ఉంటే అది తక్కువ రకం కింద అమ్మవలసిన సరుకు. నూనెలో ముంచిన దూదితో కాయను రుద్దినప్పుడు దూది ఎర్రబడితే రంగు పూసినట్లే.

తొడిమలు తీసిన కాయలు అమ్మకానికి ఉంటాయి, పని తగ్గుతుందని అందరూ మొగ్గు చూపుతారు. వెంటనే ఆడించేటట్లయితే కొనండి. నిలవ పెట్టేటట్లయితే మాత్రం తొడిమతో ఉన్నవే కొనాలి, ఎందుకంటే తొడిమ ఊడిన చోటు నుంచే తేమ, పురుగు లోపలికి పోతాయి. తొడిమల బరువు, ఎండలో పోయే చెమ్మ, మరలో నిలిచిపోయే పొడి కలిపి పది కిలోలకు కిలో దాకా తరుగు వస్తుందని ముందే లెక్క వేసుకోండి.

పసుపు విషయంలో నా సలహా ఒక్కటే: పొడి కొనకండి, కొమ్ములు కొనండి. మన అంగళ్లకు ఈరోడు, సేలం నుంచి వచ్చే కొమ్ములు ఎక్కువ, కడప, దుగ్గిరాల పసుపు కూడా దొరుకుతుంది, ఏదైనా మంచిదే. కొమ్మును రెండు చేతులతో పట్టి విరిస్తే ఠక్కుమని విరగాలి, విరిగిన చోట మైనంలాగా నునుపుగా, ముదురు నారింజ రంగులో ఉండాలి. పైన కళ్లు చెదిరే పసుపు రంగుతో, లోపల వెలిసిపోయి ఉంటే అనుమానించాలి. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములకు మెరుగు పట్టించేటప్పుడు కొందరు లెడ్ క్రోమేట్ పూస్తారు. అది సీసం కలిసిన రంగు, పిల్లల ఎదుగుదలకు చేటు. గాజు గ్లాసులో నీళ్లు పోసి కొమ్మును వేయగానే పసుపు చారలు దిగితే అది పూసిన రంగే. పురుగు తొలిచిన సన్నని బెజ్జాలు కూడా చూసుకోండి. మరో మాట, తిరుపతిలో పూజ సామాను అమ్మే ప్రతి అంగట్లోనూ పసుపు పొడి చవకగా కిలోల లెక్కన దొరుకుతుంది. అది పూజకు మాత్రమే ఉద్దేశించినది, చాలా ప్యాకెట్ల మీద వంటకు పనికిరాదని రాసే ఉంటుంది, అయినా ధర చూసి వంటింట్లోకి తెచ్చుకునేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. కొమ్ములు సరిగ్గా ఆరి ఉంటే రెండేళ్లయినా చెడవు కాబట్టి ఏడాది అవసరం కంటే కాస్త ఎక్కువే కొనుక్కోవచ్చు.

ధనియాలు అలా కాదు. వాటిలో వాసనిచ్చే తైలం చాలా కొద్దిగానే ఉంటుంది, అదీ త్వరగా ఎగిరిపోతుంది. రాజస్థాన్‌లోని రామ్‌గంజ్ మండి, మధ్యప్రదేశ్‌లోని గుణ, గుజరాత్‌లోని గోండల్ వంటి మార్కెట్ల నుంచి వచ్చే సరుకే మన దగ్గర ఎక్కువ. బాదామి, ఈగిల్, స్కూటర్ అని రంగును బట్టి గ్రేడులు చెబుతారు, పచ్చదనం పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. పొడికోసమైతే ఆ పచ్చదనానికి అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు, వేయించాక ఎలాగూ రంగు మారుతుంది. గింజలను అరచేతుల మధ్య నలిపి వెంటనే వాసన చూడండి. నారింజ తొక్కను తలపించే తీయని వాసన ముక్కుకు తగలాలి. గోనె వాసన, మట్టి వాసన వస్తే పాతవి. గింజల్లో తేమ 9 శాతానికి మించకూడదన్నది ప్రమాణం, పంటి కింద పటుక్కున పగిలితే ఆ హద్దులోనే ఉన్నట్లు లెక్క. ఏడాదికి సరిపడా కొన్నా నాలుగు నెలలకు ఒకసారి చొప్పున మాత్రమే పొడి చేసుకోండి.

జీలకర్ర దేశమంతటికీ గుజరాత్‌లోని ఊంఝా మార్కెట్ నుంచే ప్రధానంగా వస్తుంది. గడ్డి విత్తనాలకు బొగ్గుపొడి పట్టించి కలిపే మోసం ఇందులో ఉంది, అరచేతిలో గట్టిగా రుద్దితే చెయ్యి నల్లబడుతుంది. ఆవాల్లో బ్రహ్మదండి విత్తనాలు కలిస్తే ప్రమాదం. వాటి నూనె వల్ల 1998లో ఢిల్లీలో ఎందరో జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. ఆవగింజ నునుపుగా, నలిపితే లోపల పసుపు పచ్చగా ఉంటుంది, బ్రహ్మదండి గింజ గరుకుగా ఉండి లోపల తెల్లగా ఉంటుంది. మెంతులకు పెద్ద బెంగ లేదు, రాళ్లు చూసుకుంటే చాలు.

మిరియాలను బరువుతో తూచాలి. ఒకే డబ్బాతో రెండు అంగళ్ల మిరియాలను కొలిచి తూకం వేసి చూడండి, లీటరు డబ్బాకు అర కిలో తూగితే గింజ నిండుగా ఉన్నట్లు, బాగా తగ్గితే తాలు గింజలు ఉన్నట్లు. నీటిలో వేస్తే తాలు గింజలు, బొప్పాయి విత్తనాలు పైకి తేలుతాయి. మరీ నూనె రాసినట్లు మెరిసే మిరియాలు వద్దు. పాడేరు, చింతపల్లి మన్యంలో పండే మిరియాలు గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరికినప్పుడు నేను వాటినే తీసుకుంటాను. ఏలకులు పరిమాణాన్ని బట్టి అమ్ముతారు, 8 మిల్లీమీటర్ల కాయకు ధర ఎక్కువ. పాయసానికి, స్వీట్లకు దంచి వేసేవారికి 7 మిల్లీమీటర్లవి చాలు, ఎందుకంటే గుణమంతా తొక్కులో కాక లోపలి గింజలో ఉంటుంది. కాయను ఒలిస్తే గింజలు నల్లగా, కాస్త జిగటగా, ఒకదానికొకటి అంటుకొని ఉండాలి. ఎండి గోధుమరంగుకు తిరిగి విడివిడిగా రాలితే పాతవి. తడి తెల్లగుడ్డతో రుద్దినప్పుడు పచ్చరంగు దిగే కాయలను ముట్టుకోవద్దు.

లవంగాలు, పట్ట, అనాసపువ్వు, గసగసాల వంటివి చాలావరకు దిగుమతి సరుకు. వీటికి పంట నెల చూసి కొనే వీలు లేదు కనుక, సరుకు త్వరగా అమ్ముడై కొత్తది వచ్చే రద్దీ అంగట్లో, ఆరు నెలలకు మించకుండా కొనండి. తలకాయ ఊడని లవంగం నీటిలో మునగాలి, లేదా నిటారుగా నిలవాలి. అడ్డంగా తేలిందంటే తైలం తీసేసిన పిప్పి. దాల్చిన పట్ట మందంగా, గట్టిగా ఉంటే అది కాసియా; పలచని పొరలు చుట్టగా చుట్టుకొని చేత్తో నలిగేది సింహళపు దాల్చిన. బిర్యానీకి, కుర్మాకు మనవారు వాడేది ఎక్కువగా కాసియాయే, అయినా రోజూ తినే పొడుల్లో అది కాస్త తక్కువగా వేయడం మంచిది.

ఇక ఎక్కడ కొనాలన్న సంగతి. మీరు చెప్పిన అవసరానికి మిరపకాయలు ఇరవై కిలోలకు లోపే ఉంటాయి, ఆ మాత్రానికి గుంటూరు వెళ్లవద్దు. అక్కడి యార్డులో కమిషన్ ఏజెంట్ల ద్వారా బస్తాల లాట్లుగా వ్యాపారం జరుగుతుంది, పైగా మే రెండో వారం నుంచి సుమారు నెల రోజులు వేసవి సెలవులు ఉంటాయి. బంధువులో, ఇరుగుపొరుగులో నాలుగిళ్లవారు కలిసి ఒకటి రెండు బస్తాలు తీసుకునేటట్లయితే తిరుపతి టోకు వ్యాపారి దగ్గరే బస్తా ధరకు దొరుకుతాయి, అది ప్రయాణ ఖర్చు కంటే ఎంతో లాభం. చిత్తూరు వారికి వేలూరు నలభై కిలోమీటర్ల లోపే కాబట్టి అక్కడి లాంగ్ బజారును కూడా ఒకసారి చూడవచ్చు. లవంగాలు, ఏలకులు, గసగసాల వంటి ఖరీదైన సరుకు ఐదారు కిలోలకు మించి కావలసినప్పుడు మాత్రం చెన్నై ప్యారీస్ కార్నర్ ప్రాంతంలోని గోవిందప్ప నాయకన్ వీధి దాకా వెళ్లడం లాభమే. చింతపండుకు ఎక్కడికీ పోనవసరం లేదు, పుంగనూరు వైపు నుంచి, హిందూపురం మార్కెట్ నుంచి వచ్చే కొత్త పండు మార్చి, ఏప్రిల్ నెలల్లో మన ఊళ్లోనే దొరుకుతుంది.

ఎక్కడ కొన్నా నమూనాను చిన్న కవరులో కట్టించుకొని దగ్గర పెట్టుకోండి, మూటను మీ ఎదుటే విప్పించి దానితో పోల్చి చూశాకే డబ్బు ఇవ్వండి. ఒక టోకు అంగట్లో నాకు చూపిన జీలకర్ర ఒకటి, గోడౌను నుంచి పంపిన మూట మరొకటి. నమూనా చేతిలో ఉండబట్టి వారు మారుమాట లేకుండా వెనక్కి తీసుకున్నారు. బిల్లు తప్పక అడగండి. మసాలా పొడులను విడిగా తూచి అమ్మకూడదని, ప్యాకెట్‌లోనే అమ్మాలని 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో ఉంది. మీరు పొడులు చేసి అమ్ముతున్నారు గనుక ఇది మీకూ వర్తిస్తుంది, రిజిస్ట్రేషన్ నంబరు లేబుల్ మీద వేయించుకోండి.

సరుకు ఇంటికి చేరాక మిరపకాయలను, ధనియాలను రెండు మూడు రోజులు మిద్దె మీద శుభ్రమైన గుడ్డ పరచి ఎండబెట్టండి, సాయంత్రం మంచు పడకముందే లోపలికి తీయండి. ఏలకులను, లవంగాలను, పట్టను మాత్రం ఎండలో పెట్టకూడదు, వాటి వాసన ఎండకే పోతుంది. ధనియాలు, పసుపు కొమ్ములు పురుగు పట్టే గుణం ఉన్నవి కాబట్టి, చోటుంటే గాలి చొరని సంచిలో కట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే లోపలి గుడ్లు చస్తాయి. బయటికి తీసిన సంచి గది వేడికి వచ్చేదాకా మూట విప్పకండి, విప్పితే చెమ్మ పడుతుంది.

మర దగ్గర మీకంటే ముందు ఎవరు ఏమి ఆడించారో చూసుకోవాలి, ఎందుకంటే మరలో మిగిలిన పొడి మీ మొదటి కిలోలో కలుస్తుంది. మసాలా దినుసులో, కారమో ఆడిస్తూ ఉంటే పర్వాలేదు. పిండి ఆడించిన తర్వాతైతే గుప్పెడు తాలు కాయలు మరలో పోయించి దాన్ని శుభ్రం చేయమనండి. పసుపు కొమ్ములను రోకలితో ముక్కలు చేసి తీసుకెళ్లండి, కొమ్ములు అలాగే వేయడానికి చాలా మరలవారు ఒప్పుకోరు. వేడివేడిగా వచ్చిన పొడిని అలాగే డబ్బాలో పోస్తే ఆవిరి పట్టి గడ్డ కడుతుంది, గుడ్డ మీద పలచగా ఆరబోసి పూర్తిగా చల్లారాకే స్టీలు డబ్బాలోనో, జాడీలోనో నొక్కి నింపండి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది, ఆ మూడు నెలలే నిలవ సరుకుకు గండం. అందుకని కారంలో సగం మేలో ఆడించుకొని, మిగిలిన సగం కాయలను సెప్టెంబరు ఎండకు మరోసారి ఆరబెట్టి, వానలు దిగకముందే ఆడించి పెట్టుకోండి.